రూల్ నంబర్ నాలుగు

పప్పులో ఉప్పు తక్కువైందని మా ఆయన అన్నప్పుడు, సోర్స్ ఏదని నేనెప్పుడూ అడగలేదు. నాలుక ఆయనది, రుచి ఆయనకే తెలుస్తుంది, లేచి ఉప్పు డబ్బా తెచ్చిస్తాను. అదే నేను భుజం లాగుతోందనో, బాయిలర్ వింత చప్పుడు చేస్తోందనో, మీ అమ్మ నన్ను ఫలానా మాట అన్నదనో చెబితే మాత్రం, ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే "సోర్స్?" అంటాడు. సరదాకే అంటాడు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పెళ్ళయి పదహారేళ్ళయింది కానీ ఈ సరదా వయసు నాలుగేళ్ళే. గ్రూపు పెద్దదయినప్పటి నుంచి.

ఇంగ్లండ్‌లో మేముండే బేసింగ్‌స్టోక్‌లో తెలుగువాళ్ళందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపుంది. ఇవాళ్టికి తొమ్మిది వందల నలభై మంది. దాన్ని మొదలుపెట్టింది నేను, పదకొండు మంది ఆడవాళ్ళతో. అప్పట్లో దాని పేరు 'కరివేపాకు'. ఎవరు లండన్‌లో సౌతాల్ బజారుకి వెళ్తున్నారు, ఎవరికి ఎన్ని కట్టలు కావాలి, ఎవరి పిల్లకు యూనిఫాం పొట్టిదైంది, ఏ సర్జరీలో, అంటే ఇక్కడి క్లినిక్‌లో, ఆడ డాక్టరుంది, ఇవీ మా వార్తలు. తర్వాత ఒక్కొక్కరి భర్తా చేరాడు. వాళ్ళతో పాటే వీసా రూల్స్, కౌన్సిల్ ఎన్నికలు, ఏ పార్టీ గెలిస్తే మనల్ని ఉంచుతుంది, ఏది గెలిస్తే సర్దుకోమంటుంది, ఇవన్నీ వచ్చిపడ్డాయి. కరివేపాకు సంగతి ఎవరైనా అడిగితే, ముఖ్యమైన చర్చ నడుస్తోంది కాసేపు ఆగండి అనేవాళ్ళు. ఒకరోజు మా ఆయన అమరేందర్ నా ఫోన్ తీసుకుని తనను అడ్మిన్ చేసుకున్నాడు. "నీకెందుకు ఈ తలనొప్పి, నేను చూస్కుంట" అన్నాడు. గ్రూపు పేరు 'తెలుగు వాయిస్' అయింది. నన్ను అడ్మిన్‌గా తీసేద్దామని చూశాడు కానీ కుదరలేదు. గ్రూపు పుట్టించిన మనిషిని తీసెయ్యడానికి వాట్సాప్ ఒప్పుకోదట. పోనీలెమ్మన్నాడు, ఆ తర్వాత ఇద్దరం ఆ సంగతే మర్చిపోయాం.

ఈ గ్రూపుకి ఊళ్ళో ఒక గౌరవం ఉంది. మిగతా గ్రూపుల్లో ఎవరికి తోచింది వాళ్ళు పడేస్తారు, ఇక్కడ అలా కుదరదు. ఏ వార్త వచ్చినా అమరేందర్ దాని కింద తన తీర్పు రాసి పచ్చ టిక్ పెట్టాలి. ఆయన నిజమంటే నిజం, ఫేక్ అంటే ఫేక్. "అమరన్న టిక్ పడ్డదా?" అన్నది ఇక్కడ మామూలు మాటైపోయింది. బర్త్‌డే పార్టీల్లో కమ్యూనిటీ హాల్లో ఆయన చుట్టూ నలుగురు చేరి, మీరు లేకపోతే మేమేమైపోయేవాళ్ళం అన్నా అంటుంటారు. ఏదో సేవ, మనవంతు, అంటాడు ఆయన. ఆ పక్కనే నేను పులిహోర వడ్డిస్తుంటాను.

ఆ చెక్ చేసేది నేను.

పెళ్ళికి ముందు హన్మకొండలో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో మూడేళ్ళు పనిచేశాను. సబ్ ఎడిటర్ని. మా డెస్క్ ఇన్‌చార్జి పొట్టిచేతుల చొక్కాల పెద్దాయన. ఏ వార్త తీసుకెళ్ళినా ఆయన అడిగేది ఒక్కటే. "ఎవరు చూసిన్రమ్మా?" చూసిన మనిషి పేరు చెప్పలేకపోతే ఆ కాయితం తిరిగి నా బల్ల మీదికే వచ్చేది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదేదో చేతికి అంటుకుపోయింది. ఇక్కడికొచ్చాక దానికి పని లేకుండాపోయింది. ఇప్పుడు నేను ఒక ప్రైమరీ స్కూల్లో మిడ్‌డే సూపర్‌వైజర్ని. అంటే మధ్యాహ్నం పిల్లలు తిన్న బల్లలు తుడవడం, దెబ్బ తగిలిన మోకాళ్ళకు తడి టిష్యూ పెట్టడం. పుష్పలీల పలకలేక నన్ను అక్కడ 'పుష్' అంటారు. అందరూ నెట్టే తలుపు మీద కూడా అదే రాసి ఉంటుంది.

పదకొండింటికో పన్నెండింటికో ఆఫీసు నుంచి అమరేందర్ ఒక లింకు పంపిస్తాడు. కింద ఒకటే మాట, "చూడు". నేను చూస్తాను. ఫోటో ఏ సంవత్సరానిదో, ఏ ఊరిదో వెతుకుతాను. కౌన్సిల్ మీటింగు కాయితాలు చదువుతాను. వీసా వార్తయితే ప్రభుత్వం సైటులో అసలు ముక్క దొరికిందాకా వదలను. బల్లలు తుడుస్తూ, బస్సులో నిలబడి, ఇంట్లో ఉల్లిపాయలు వేగుతుంటే ఎడంచేత్తో. రెండు వాక్యాలు రాసి పంపిస్తాను. ఆయన వాటిని గ్రూపులో పెట్టి టిక్ కొడతాడు. మీ ఆవిడ మీకు సాయం చేస్తుందా అన్నా అని ఒకసారి ఎవరో అడిగారు. "తను మస్తు టీ పెడ్తది" అన్నాడు. నిజమే, టీ కూడా నేనే పెడతాను.

రూల్స్ కూడా నేనే టైప్ చేశాను. ఆయన సోఫాలో పడుకుని చెబుతుంటే. ఒకటి, సోర్స్ లేకుండా వార్త పెట్టరాదు. రెండు, తేదీ లేని ఫార్వర్డ్ చెల్లదు. మూడు, స్క్రీన్‌షాట్ సోర్స్ కాదు. నాలుగోది పుట్టడానికి మా అత్తగారు ఆండాళమ్మ కారణం. అప్పుడావిడ వరంగల్ నుంచి ఆరు నెలలకని వచ్చి మా దగ్గరున్నారు. నేను చపాతీలు ఒత్తుతుంటే పక్కనే కూర్చుని చెల్లెలితో ఫోన్‌లో చెబుతున్నారు. "నా కొడుకు పగలంత ఆఫీసు, పొద్దుమీకి జనసేవ. ఈమెకేమున్నది? నాలుగు బల్లలు తుడిచొచ్చి ఫోన్ జూస్కుంట కూసుంటది." ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు నా ఫోన్‌లో ఉన్నది ఆవిడ కొడుకు పంపిన లింకే. ఆ సాయంత్రం అమరేందర్‌తో చెప్పాను. "అమ్మ అట్ల అనదు. సోర్స్ ఏది?" అన్నాడు. నేను విన్నానన్నాను. "నువ్వు విన్నవు. ఇంకెవరన్న విన్నరా?" అన్నాడు. అని, తన మాట తనకే నచ్చి నవ్వుకున్నాడు. "అరే, ఇది కూడ రూల్స్‌ల పెట్టాలె. రాయి లీలా. నాలుగు. వ్యక్తిగత అనుభవం సోర్స్ కాదు."

రాశాను. నా వేళ్ళతో నేనే రాశాను. అక్షరదోషం కూడా లేకుండా రాశాను.

మా అమ్మాయి అక్షరకు పద్నాలుగేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. మొన్నామధ్య, నీకు జాకెట్ తీసుకెళ్ళమని పొద్దున చెప్పానా లేదా అంటే, "వాట్స్ యువర్ సోర్స్, మమ్?" అంది. వాళ్ళ నాన్న పగలబడి నవ్వాడు. ఆ ఒక్కసారి నేను నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, సింకు వైపు తిరిగి గిన్నె తోమాను.

ఇదంతా మామూలే. గురువారం దాకా ఇలాగే నడిచింది.

గురువారం మధ్యాహ్నం డైనింగ్ హాల్లో ఉండగా ఫోన్ కదిలింది. ఒక పోస్టర్ బొమ్మ. నల్లరంగు మీద తెల్ల అక్షరాలు. శనివారం, సాయంత్రం ఆరు, మిల్ లేన్ హోటల్. మన వీధులు మనకు కావాలి. ముఖాలు కప్పుకుని రండి. కింద "చూడు".

మిల్ లేన్‌లో ఆ పాత హోటల్లో ప్రభుత్వం శరణార్థులను ఉంచి ఏడాదవుతోంది. నెల రోజులుగా ఊళ్ళో ఆన్‌లైన్ గ్రూపులన్నీ దాని మీదే కొట్టుకుంటున్నాయి. ఈ పోస్టర్‌ను మా గ్రూపులో పడేసింది జయకృష్ణ అనే గుంటూరాయన. ఈయనా ఒక అడ్మినే. చేతికందిన ప్రతీదీ పది ఆశ్చర్యార్థకాలతో పంపిస్తాడు. జాగ్రత్తపడితే పోయేదేముందండీ అంటాడు. ఆయనకూ అమరేందర్‌కూ పడదు. ఆయన పెట్టింది ఫేకని తేల్చిన రోజు మా ఇంట్లో పండగలా ఉంటుంది.

పిల్లల కోట్లు తగిలించే గదిలో నిలబడి ఇరవై నిమిషాలు వెతికాను. అదే పోస్టర్ మరో మూడు ఊళ్ళ పేర్లతో కూడా తిరుగుతోంది. దాన్ని మొదట పెట్టిన ఆన్‌లైన్ చానెల్ పుట్టి రెండు రోజులే. పోలీసులు ఔననలేదు, కాదనలేదు. లోకల్ పేపర్లో ఏమీ లేదు. నాకు తోచిందంతా రాశాను. "ఇదే పోస్టర్ మూడు ఊళ్ళ పేర్లతో తిరుగుతోంది. అయినా ఫేక్ అనడానికి లేదు. పోలీసులు ఇంకా ఏమీ చెప్పలేదు, రేపటిదాకా చూడాలి." బెల్ కొట్టారు, పరుగెత్తాను.

బస్సెక్కాక గ్రూపు తెరిచాను. అమరేందర్ పోస్టు. "ఫేక్. ఇదే పోస్టర్ మూడు ఊళ్ళ పేర్లతో తిరుగుతోంది. జయకృష్ణ గారు, దయచేసి రూల్స్ చదవండి." పచ్చ టిక్. కింద రెండు వందల పైగా చేతులు జోడించి ఉన్నాయి. నా మొదటి వాక్యం ఉంది. మిగతా రెండూ లేవు.

ఆ సాయంత్రం బెండకాయలు తరుగుతూ అడిగాను. "నేను రాసిన దాంట్ల సగమే పెట్టిన్రు."

"ఎడిటింగ్ అంటరు దాన్ని. పేపర్ల పని చేసినవ్, నీకే తెల్వాలె."

"ఫేక్ అని నేను అనలే. చూడాలె అన్న."

"చూడాలె, చెప్పలేం అంటే జనం పరేషాన్ అయితరు లీలా. వాళ్ళకు గట్టిగ ఒక్క మాట గావాలె. ఔనా, కాదా. గంతే."

కత్తి కింద బెండకాయ జిగురు సాగుతోంది. నాకు మా ఇన్‌చార్జి గుర్తొచ్చాడు. ఆయనైతే ఈ వార్త నా మొహాన కొట్టేవాడు. కానీ నా మొహాన కొట్టడానికైనా వార్త నా పేరుతో ఉండాలి కదా. నాలుగేళ్ళలో నా పేరు ఎక్కడా లేదు. నా తప్పు కూడా ఆయన పేరు మీదే పోతుంది, నా ఒప్పు కూడా.

శుక్రవారం స్కూలు అయ్యాక, శనివారం వంటకి కావలసినవి తేవడానికి మిల్ లేన్ వెళ్ళాను. మా ఇంట్లో రెండు మూడు కుటుంబాలకు భోజనాలు. ఆ వీధి చివర శ్రీలంక తమిళాయన కొట్టుంది, లేత వంకాయలు అక్కడే దొరుకుతాయి. నాలుగవుతోంది. ముందు సుత్తి చప్పుడు వినిపించింది. కొట్టు పక్కనున్న మందుల షాపు అద్దాలకి ఇద్దరు మనుషులు ప్లైవుడ్ చెక్కలు కొడుతున్నారు. రిపేరేమో అనుకున్నాను. ఎదురుగా మంగలి షాపుకి కూడా కొట్టి ఉంది. కొట్టులో ఆయన వంకాయలు తూచకుండానే సంచిలో వేసేశాడు. "టుమారో డోంట్ కమ్, సిస్టర్. ఐ క్లోజ్ అట్ టూ" అన్నాడు. ఎప్పుడూ క్రికెట్ గురించి మాట్లాడే మనిషి, చిల్లర ఇస్తూ నా వైపు చూడలేదు.

బయట బస్ స్టాపులో ముగ్గురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. మామూలు మనుషులే. ఒకడి చేతిలో కాఫీ కప్పు. ఒకడు ఫోన్ ఎత్తిపట్టి హోటల్ని వీడియో తీస్తున్నాడు. ముందు తలుపు, పక్క తలుపు, చెత్తడబ్బాలుండే సందు, మంటలొస్తే దిగే ఇనుప మెట్లు. తీస్తూ లెక్కపెడుతున్నాడు. వన్, టూ, త్రీ. నేను తల వంచుకుని వాళ్ళ పక్కనుంచి నడిచాను. కాఫీ కప్పు వాడు నా సంచిలోకి చూశాడు, తర్వాత నా మొహంలోకి. చక్కగా నవ్వాడు. ఇక్కడివాళ్ళు ఎవరినైనా పిలిచేటట్టే, "సీ యూ టుమారో, లవ్" అన్నాడు.

కసురుకున్నా ఇంత భయపడేదాన్ని కాదేమో. బస్సు కోసం ఆగకుండా తర్వాతి స్టాపు దాకా నడిచాను, సంచి భుజాన్ని కోస్తున్నా.

ఇంటికి రాగానే చెప్పాను. అమరేందర్ లాప్‌టాప్ ముందున్నాడు. అంతా విన్నాడు, విన్నాడనే అనుకున్నాను.

"అంటే ఎవడో నీకు సీ యూ అన్నడని నేను తొమ్మిది వందల మందికి చెప్పాల్నా?"

"చెక్కలు కొడుతున్నరు. షాపులు మూస్తున్నరు. వాళ్ళు తలుపులు లెక్కపెడుతున్నరు."

"లింకేమన్న ఉన్నదా? పోలీసులు ఏమన్న పెట్టిన్రా?"

"నేను చూసిన."

"రూల్ నాలుగు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అక్షర మెట్ల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. తలెత్తకుండా అంది. "ఇట్స్ నాట్ ఫేక్, డాడ్. మైసీస్ బ్రదర్ ఈజ్ గోయింగ్. హీ బాట్ ఎ మాస్క్." మైసీ దాని క్లాసులో పిల్ల.

"పిల్లల మాటలు" అన్నాడు అమరేందర్. అక్షర నా వైపు చూసింది. ఎప్పుడూ అది సోర్స్ అడిగి నా మొహం చూసేది. ఈసారి వేరేలా చూసింది. తను చెప్పింది కూడా నా మాటల పక్కనే మూలన పడిందని దానికి అర్థమైనట్టుంది.

శనివారం మధ్యాహ్నం నుంచే ఆయన స్నేహితులిద్దరు మ్యాచ్ చూడ్డానికి వచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. మసాలా నూరి, వంకాయలు చీల్చి, బగారన్నానికి బియ్యం నానబెట్టాను. మూడూ నలభైకి గ్రూపులో మెసేజ్. నిఖిత.

నిజామాబాద్ పిల్ల, ఇరవై ఆరేళ్ళు. చదువుకోడానికి వచ్చి, చదువయ్యాక కేర్ హోమ్‌లో చేరింది. పెద్దవాళ్ళకు స్నానాలు చేయించే పని. పోయినసారి మా ఇంట్లో బతుకమ్మ పేరుస్తుంటే అమ్మ గుర్తొచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది. ఇప్పుడు రాసింది. "అమరన్నా, నాకు ఆరింటికి డ్యూటీ. మా కేర్ హోమ్ మిల్ లేన్ హోటల్ ఎనకనే. బస్ దిగి నడవాలె. పోవచ్చునా?"

నిమిషం కాకముందే అమరేందర్ జవాబు. "నిశ్చింతగ పో చెల్లె. వెరిఫైడ్." పచ్చ టిక్.

"థాంక్యూ అన్నా. మీరు చెప్తే ధైర్యం."

హాల్లో ఎవరో సిక్స్ కొట్టినట్టున్నాడు, ముగ్గురూ అరిచారు. నా చేతికి మసాలా అంటుకుని ఉంది. కడుక్కోకుండానే నిఖితకు ఫోన్ చేశాను.

"అక్కా, చెప్పండి. యూనిఫాం ఇస్త్రీ చేస్తున్న."

"నువ్వు ఇయ్యాల బస్సుల పోకు నిఖితా. నిన్న నేను మిల్ లేన్ పోయిన." చూసిందంతా చెప్పాను.

అవతల ఇస్త్రీపెట్టె కింద పెట్టిన చప్పుడైంది. "కని అన్న ఫేక్ అన్నడు గదక్కా. మా మేనేజర్ పొద్దుగాల అడిగింది, భయమైతె నాలుగున్నర లోపు చెప్పు, టాక్సీ పంపిస్త, ఎనక గేట్ల నుంచి రావచ్చు అన్నది. నేను అన్న పోస్టు చూపించి అవసరం లేదన్న. ఇప్పుడు మళ్ళ అడిగితె ఊకె నాటకాలు అనుకుంటది. నా వీసా ఆమె చేతుల ఉన్నది." మళ్ళీ తనే చాలా మర్యాదగా అడిగింది. "అక్కా, ఏమనుకోకుర్రి. మీకెవరు చెప్పిన్రు?"

ఆ పిల్లను ఏమనగలను? దానికి ఆ నమ్మకం ఇచ్చింది నేనే. నాలుగేళ్ళుగా ఒక్కో ఫోటో, ఒక్కో తేదీ వెతికి ఆ పచ్చ టిక్కుకి విలువ తెచ్చింది నేను. అది ఎంత గట్టిపడిందంటే, ఇప్పుడు నేను స్వయంగా వెళ్ళి తలబాదుకున్నా పగలదు. నా కూడు తిన్న కుక్క నన్నే కరిచినట్టుంది. బ్యాటరీ అయిపోవచ్చింది, చార్జింగ్ పెట్టుకుంటానంటూ నిఖిత ఫోన్ పెట్టేసింది.

చెయ్యి కడుక్కుని హాల్లోకి వెళ్ళాను. "ఆ పోస్టు మార్చండి" అన్నాను. "నిఖితకన్న చెప్పండి. అరగంటల టాక్సీ అడగకపోతే బస్సుల పోతది."

స్నేహితులిద్దరూ టీవీ వైపే చూస్తున్నారు, చెవులు ఇటే ఉన్నాయి. అమరేందర్ గొంతు తగ్గించాడు. "లీలా, రెండు దినాల సంది ఫేక్ అన్న. ఇప్పుడు మారిస్తె నా పరువేం గావాలె? జయకృష్ణ పార్టీ జేస్కుంటడు."

"ఆ పిల్లకేమన్న అయితే?"

"ఏం గాదు."

"ఏం కాదని ఎవరు చెప్పిన్రు మీకు?"

నేను అడిగానని నాకే నమ్మకం కుదరలేదు. ఆయన మొహం మారింది. ఒక స్నేహితుడు దగ్గాడు. "లోపల చూడు" అన్నాడు అమరేందర్, "ఏదో మాడుతున్నట్టున్నది."

ఏమీ మాడటం లేదు. స్టవ్ ఇంకా వెలిగించనేలేదు.

వంటింట్లోకి వచ్చాను. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. బియ్యం పోపులో వేసి, నీళ్ళు పోసి, మూత పెట్టాను. చేతులకు అలవాటైన పని, వాటి దారిన అవి చేశాయి. నా తల మాత్రం హన్మకొండలో ఆ డెస్కు ముందు నిలబడి ఉంది. ఎవరు చూసిన్రమ్మా? నేను చూసిన సార్. పేరు రాయొచ్చా? ఆ ప్రశ్న దగ్గర చాలామంది వెనక్కి పోయేవారు. నేనూ నాలుగేళ్ళు వెనక్కే పోయాను. పరువు ఆయనదనీ, ఇల్లు నాదనీ, ఏదో ఒకటి పోతుందంటే నాదే ముందు పోతుందనీ. నాకు కోపమొచ్చింది. ఆయన మీద కాదు, ముందు నా మీద. అంత శుభ్రంగా రూల్ నాలుగు టైప్ చేసిన నా వేళ్ళ మీద.

ఆ వేళ్ళతోనే రాశాను.

"నేను పుష్పలీలను. ఈ గ్రూపులో నాలుగేళ్ళుగా టిక్ పడే ముందు ప్రతి వార్తా చెక్ చేసింది నేను. శనివారం పోస్టర్ ఫేక్ అని నేను చెప్పలేదు. చెప్పలేనని రాశాను, ఆ ముక్క తీసేశారు. నిన్న నాలుగింటికి మిల్ లేన్‌లో షాపులకు చెక్కలు కొడుతున్నారు. ముగ్గురు మనుషులు హోటల్ తలుపులు లెక్కపెడుతున్నారు. రేపు కలుద్దామని ఒకడు నాతో అన్నాడు. ఎవరూ అటు వెళ్ళకండి. నిఖితా, వెంటనే టాక్సీ అడుగు. సోర్స్: నేను. చూశాను."

పంపించాను. హాల్లో మూడు ఫోన్లు ఒకేసారి మోగాయి. ఎవరో టీవీ గొంతు తగ్గించారు.

అమరేందర్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అరవలేదు, అరిస్తే బాగుండుననిపించింది. ఫోన్‌లో ఏదో నొక్కుతున్నాడు, మళ్ళీ నొక్కాడు. నన్ను తీసెయ్యాలని చూస్తున్నట్టున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అది కుదరదు కదా అని. "మెసేజ్ తీసెయ్" అన్నాడు. "నువ్వు తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

"తియ్యండి" అన్నాను.

తీశాడో లేదో, అప్పటికే నా ఫోన్ ఆగకుండా కదులుతోంది. అందరూ ఆడవాళ్ళే. చాలామంది పేర్లు నాకు కరివేపాకు రోజుల నుంచి తెలుసు. ఈ నాలుగేళ్ళలో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ పెట్టనివాళ్ళు. నేనూ చూశాను అక్కా, డెంటిస్ట్ దగ్గర్నుంచి వస్తుంటే, చెక్కలు. నేనూ చూసినా, పెట్రోల్ బంకులో క్యాన్లు నింపుకుంటున్నరు. మా ఆఫీసులో ఇవాళ క్లీనర్లను రావద్దన్నారు. గురువారమే చూశాను, సోర్స్ లేదని పెట్టలేదు. నేనూ. నేనూ చూశాను. నేను కూడా.

నా మాట నిజమని తేలితే సంతోషం వస్తుందనుకున్నాను. ఇంతమంది చూశారు. ఇంతమందిమి చూసి, ఎవరి వంటింట్లో వాళ్ళం నోరు మూసుకుని, ఒక పిల్లను బస్సెక్కిస్తున్నాం.

నిఖిత నుంచి మాత్రం ఏమీ లేదు. విడిగా పంపిన మెసేజ్‌కి ఒక్కటే బూడిదరంగు టిక్. ఫోన్ చేస్తే స్విచాఫ్. నాలుగున్నర దాటింది. అయిదూ అయిదుకి ఆమె బస్సు. ఆమె స్టాపు మా ఇంటి నుంచి పది నిమిషాలు.

అక్షర వచ్చి నా పక్కన నిలబడింది. తలుపు పక్క మేకు నుంచి కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టింది. "గో, అమ్మా. ఐ విల్ కీప్ కాలింగ్ హర్" అంది. అది నన్ను మమ్ అనకుండా అమ్మా అని ఎన్నేళ్ళయిందో.

ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేశాను. అమరేందర్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇంకా ఫోన్‌లో ఆ పేర్లు చదువుతున్నాడు. "ఎక్కడికి? అన్నం స్టవ్ మీద పెట్టి, ఇంటికి జనం వస్తున్నరు..."

"పది నిమిషాలల్ల దింపండి" అన్నాను. "ఉప్పు నేను చూడలే. మీరే చూస్కొని టిక్ పెట్టుకోండి."

ఆయన పక్కకి జరిగాడు. వీధి తలుపు తెరిచాను. శనివారం సాయంత్రం పిల్లలు సైకిళ్ళు తొక్కే మా వీధిలో ఒక్కరూ లేరు. మిల్ లేన్ వైపు ఆకాశంలో ఒక పోలీసు హెలికాప్టర్ ఒకేచోట ఆగి గర్రుమంటోంది. వెనక నుంచి అమరేందర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తలెత్తి అటే చూశాడు. దానికి మాత్రం ఆయన సోర్స్ అడగలేదు.